ఒక తరగతి గది, ఐదు బల్లలు



మన సంచికలో ప్రతి ఏటా పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు వేసుకుంటున్నాం. వాళ్లను చూస్తే నాకూ సంతోషమే. అయితే ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను గమనించిన సంగతి ఒకటుంది. ఆ ఫొటో దాకా రాని పిల్లల్లో చాలామంది పదో తరగతిలో ఆగిపోయినవాళ్లు కారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లోనే వెనక బెంచీకి చేరి, మెల్లగా మాట్లాడటం మానేసి, ఆ తర్వాత బడి మానేసినవాళ్లు. ఈ వ్యాసం ఆ మూడు తరగతుల గురించి.

కొన్నేళ్ల కిందట నా తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. శాతాల లెక్కలు వచ్చాయంటే తల దించుకునేవాడు. ప్రోగ్రెస్ కార్డులో 'శ్రద్ధ లేదు' అని రాసింది నేనే. ఎనిమిదో తరగతి మధ్యలో రావడం మానేశాడు. రెండేళ్ల తర్వాత కొల్లేరు వైపు ఒక చేపల చెరువు గట్టు మీద కనిపించాడు. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి కర్రలకు కట్టిస్తున్నాడు. "మేత ఎంత వెయ్యాలో ఎట్లా తెలుస్తుందిరా?" అని అడిగాను.

"చెరువులో పదివేల చేప ఉందండి సార్. శీలావతి, బొచ్చె కలిపి సగటున అరకిలో వేసుకోండి. ఐదు వేల కిలోలు. రెండు శాతం మేతంటే వంద కిలోలండి" అన్నాడు. కాగితం లేదు, పెన్ను లేదు.

నేను శ్రద్ధ లేదని రాసిన పిల్లవాడు నాకు శాతాలు చెప్పాడు. వాడికి లెక్క వచ్చు. నా తరగతిలో ఆ లెక్కకు చెరువు లేదు, చేప లేదు, వాడు నోరు విప్పే సందర్భం కూడా లేదు. ఇంటికి వచ్చి ఆ రాత్రి నా బీఈడీ పుస్తకాలు మళ్లీ తీశాను. అప్పటి నుంచి నేను చేస్తూ వస్తున్న పని ఏమిటో, అందులో మీ సాయం ఎక్కడ కావాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

స్టేషన్ అంటే ఏమిటి?

తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కి ఏలూరులో దిగేవాళ్లకు స్టేషన్ అంటే చెప్పనక్కర్లేదు. బండి ఆగుతుంది, పని జరుగుతుంది, గంట మోగితే బయలుదేరుతుంది. తరగతిలో కూడా అంతే. గదిలో ఐదు చోట్ల ఐదు బల్లలు వేస్తాం. ప్రతి బల్ల మీద ఒక పని, ఆ పనికి కావలసిన సామాను, ఏం చేయాలో చెప్పే ఒక కార్డు ఉంటాయి. పిల్లలు ఐదు జట్లుగా విడిపోయి, ఒక్కో బల్ల దగ్గర కొద్దిసేపు పని చేసి, గంట కొట్టగానే పక్క బల్లకు జరుగుతారు. రెండు పీరియడ్లు కలిపితే 80 నిమిషాలు. మొదటి 10 నిమిషాలు పని వివరించడానికి, బల్లకు 12 నిమిషాల చొప్పున 60 నిమిషాలు, చివరి 10 నిమిషాలు అందరూ కూర్చుని తెలుసుకున్నది చెప్పడానికి.

ఐదు బల్లల మీదా ఒకే విషయం ఉంటుంది. దాన్ని ఒక బల్ల లెక్కగా, ఒకటి సైన్సుగా, ఒకటి సాంఘికంగా, ఒకటి భాషగా చూపిస్తుంది. లోకంలో ఏ పనీ సబ్జెక్టులుగా విడిపోయి ఉండదు. చేపల చెరువులో శాతం ఉంది, నీటిలో ఆక్సిజన్ ఉంది, బేరం ఉంది, చట్టం ఉంది. టైంటేబుల్ కోసం మనమే వాటిని విడగొట్టాం.

కొల్లేరు పాఠం

ఏడో తరగతిలో 32 మందితో చేసిన ఒక పాఠం చెబుతాను. విషయం కొల్లేరు. మనకు కూతవేటు దూరంలో ఉన్నా దాని గురించి మన పిల్లలకు తెలిసింది తక్కువ.

మొదటిది కొలత బల్ల. గ్రాఫు కాగితం మీద కొల్లేరు అభయారణ్యం గీత గీసి ఇచ్చాను. ఒక్కో గడి 4 చదరపు కిలోమీటర్లు. నిండు గడులను, సగానికి మించి నిండిన గడులను లెక్కపెట్టాలి. 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు కాబట్టి 77 గడులు రావాలి. ఒక జట్టుకు 72, ఇంకో జట్టుకు 81 వచ్చాయి. ఎందుకు తేడా వచ్చిందని వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. వంకర గీత ఉన్న ఆకారానికి వైశాల్యం కట్టడమంటే ఏమిటో ఆ వాదనలోనే తెలిసింది.

రెండోది నీళ్ల బల్ల. బోరు నీళ్లు, పంటకాలువ నీళ్లు, చేపల చెరువు నీళ్లు మూడు సీసాల్లో. ఇసుక, గులకరాళ్లు, బొగ్గు వేసి కోసిన ప్లాస్టిక్ సీసాతో వడపోత. పక్కనే ఒక గ్లాసులో కోడిగుడ్డు. మంచినీళ్లలో గుడ్డు మునుగుతుంది. చెంచా చెంచా ఉప్పు కలుపుతూ ఎన్నో చెంచాకు తేలిందో రాయాలి. కొల్లేరు మంచినీటి సరస్సని, ఉప్పుటేరు దాన్ని బంగాళాఖాతంతో కలుపుతుందని, లోపల నీరు తగ్గినప్పుడు పోటుకు ఉప్పునీరు ఎగదన్నుతుందని కార్డు మీద రాసి ఉంది. గుడ్డు తేలాక ఆ వాక్యాన్ని పిల్లలు మళ్లీ చదివారు.

మూడోది పటం బల్ల. ఇక్కడే నాకు ఎక్కువ సంతోషం కలిగింది. ఒక బేసిన్‌లో బంకమన్నుతో మధ్యలో పల్లంగా, అంచులకు మెల్లగా ఎత్తుగా నేల చేయించాను. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు, గుండేరు వచ్చి కలిసే దారులు గీయించాను. స్కేలు నిలబెట్టి, ఒక సెంటీమీటరు ఎత్తు వరకు నీళ్లు పోసి అంచు వెంట చీపురు పుల్లలు గుచ్చాలి. తర్వాత రెండు సెంటీమీటర్లు, మళ్లీ పుల్లలు. చూస్తుండగానే రెండో వరస పుల్లలు చాలా దూరం జరిగిపోయాయి. నేల చదునుగా ఉన్నచోట నీటిమట్టం కొంచెం పెరిగితే చాలు, విస్తీర్ణం ఎంతో పెరుగుతుంది. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత దగ్గర కొల్లేరు 308 చదరపు కిలోమీటర్లు, 10 అడుగుల గీత దగ్గర 901. ఎత్తు రెట్టింపైతే సరస్సు దాదాపు మూడు రెట్లు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరినప్పుడు చూపిన విస్తీర్ణం ఈ 901.

సరస్సు అంచు ఊరి నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉంది. క్లాసులో పేరు పిలిస్తే 'ప్రెజెంట్' అనడం తప్ప ఇంకో మాట వినేవాళ్లం కాదు. ఆ పుల్లల వరస చూసి, "ఇదేనండి సార్, మా నాన్నావాళ్లు ఐదో కాంటూరు, ఐదో కాంటూరు అంటారు" అంది. 2006లో కొల్లేరులో చెరువు గట్లు కొట్టించినప్పుడు తమ ఊళ్లో ఏం జరిగిందో ఇంట్లో విన్నది విన్నట్టు చెప్పింది. ఆ అమ్మాయి జట్టు 12 నిమిషాల గంట మోగినా కదల్లేదు.

నాలుగోది మాటల బల్ల. ఆటపాకకు వచ్చే గూడబాతుల గురించి పది వాక్యాల పేరా ఒకటి ఇచ్చాను. అందులోంచి పది మాటలు ఏరి మూడు వరసల్లో రాయాలి. చేప, మచ్లీ, ఫిష్. నీరు, పానీ, వాటర్. పక్షి, పరిందా, బర్డ్. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు బడిలో ఆ భాష గుర్తొచ్చే సందర్భం చాలా తక్కువ. ఈ బల్ల దగ్గర మాత్రం మిగతావాళ్లు వాళ్లను అడిగి రాసుకున్నారు. ఇప్పుడు మన ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటున్నాయి. మూడో భాష మన పిల్లల నోట్లోనే ఉంది. దాన్ని లోటుగా చూడటం మానితే అదొక ఆస్తి.

ఐదోది నా బల్ల. ఇక్కడ సామాను ఏమీ ఉండదు, నేనుంటాను. ఒక్కో జట్టులో ఆరేడుగురు. ఒక్కొక్కరి చేత రెండు వాక్యాలు చదివిస్తాను, ఒక చిన్న లెక్క చేయిస్తాను. 32 మందిని ఎదురుగా కూర్చోబెట్టి 40 నిమిషాలు నేనే మాట్లాడితే ఏ పిల్లవాడికి ఏం రాదో నాకు తెలిసే దారి లేదు. ఈ 12 నిమిషాల్లో ఒక్కో పిల్లవాడికి రెండు నిమిషాలు దక్కుతాయి. ఏడో తరగతిలో ఉండి కూడికలో ఒకటి చేతిలో ఉంచుకోవడం రాని పిల్లలు ముగ్గురున్నారని నాకు తెలిసింది ఈ బల్ల దగ్గరే. మిగతా నాలుగు బల్లలు నడుస్తున్నాయి కాబట్టే ఈ ఐదో బల్ల సాధ్యమైంది.

మొదటిసారి ఎందుకు చెడింది

ఇదంతా మొదటి రోజే కుదిరిందనుకోకండి. నేను మొట్టమొదట చేసిన ప్రయత్నం సంతలాగా అయింది. పక్క గది టీచరుగారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. కార్డు మీద పేజీ నిండా రాశాను, ఎవరూ చదవలేదు. ఒక బల్ల పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది, ఇంకో బల్ల పని అరగంటకూ తెమల్లేదు. జట్టుకు ఒక తెలివైన పిల్లవాడు అంతా చేసేస్తే మిగిలినవాళ్లు చూస్తూ నిలబడ్డారు. అంటే వెనక బెంచీ బల్ల చుట్టూ చేరింది, అంతే.

తర్వాత నాలుగు మార్పులు చేశాను. కార్డు మీద మూడు వాక్యాలే. ప్రతి బల్లనూ ముందు రోజు సాయంత్రం ఇద్దరు పిల్లలతో చేయించి సమయం చూసుకోవడం. జట్టులో ప్రతివారికీ ఒక పని, అంటే చదివేవారు, కొలిచేవారు, రాసేవారు, సామాను చూసేవారు, జట్టు తరఫున చెప్పేవారు అని. బల్ల మారినప్పుడల్లా ఆ పనులు కూడా మారాలి. చివరగా, ముందే ముగించినవాళ్లకు కార్డు వెనక ఒక కష్టమైన ప్రశ్న. వెళ్లేముందు ప్రతి పిల్లవాడూ 'ఈ రోజు నాకు తెలిసింది', 'నాకు ఇంకా అర్థం కానిది' అని ఒక చీటీ రాసి డబ్బాలో వేయాలి. రెండో వాక్యమే నాకు మర్నాటి పాఠం.

కొత్త సంగతి కాదు

ఇది విదేశాల నుంచి దిగుమతి చేసుకున్న పద్ధతి అని కొందరు పెద్దలు అనుమానపడ్డారు. దీని వెనక మనవాళ్ల కృషి చాలా ఉంది. 1897లో హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ సాహెబ్‌ను మనం రాష్ట్రపతిగా గుర్తుంచుకున్నాం. అంతకుముందు 1926 నుంచి 1948 వరకు ఆయన జామియా మిల్లియా ఇస్లామియాకు వైస్ ఛాన్సలర్. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ పిలిచిన విద్యా సదస్సు తర్వాత కొత్త చదువుకు ప్రణాళిక రాసే కమిటీకి ఆయనే అధ్యక్షుడు. ఆ ప్రణాళిక సారం ఒక్కటే. పిల్లవాడు చేత్తో చేసే పని చుట్టూ మిగతా చదువు అల్లాలి. తకిలీ మీద నూలు వడికితే ఆ నూలు పొడవులో లెక్క ఉంది, పత్తి పండే నేలలో భూగోళం ఉంది, ఆ బట్ట వెనక చరిత్ర ఉంది. అయితే పని మొక్కుబడిగా మారిన చోట చదువు కూడా మొక్కుబడి అయింది. ఆ హెచ్చరికను మనమూ గుర్తుంచుకోవాలి.

తర్వాత మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వాళ్లు ఒకే ఉపాధ్యాయుడున్న పల్లెబడుల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. పిల్లవాడు తన మెట్టు ఏదో చూసుకుని తన కార్డు తానే తీసుకుంటాడు. ఆ పద్ధతినే 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు తీసుకున్నాయి. అక్కడి నుంచి తమిళనాడు ప్రాథమిక పాఠశాలలన్నిటికీ వెళ్లింది. పై తరగతుల కోసం వాళ్లే జట్టు పనితో ఇంకో పద్ధతి తయారు చేసుకున్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కృత్యాల ద్వారా, పిల్లలు తామే వెతికి తెలుసుకోవడం ద్వారా చదువు సాగాలంటోంది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తుల వారి దగ్గర నేర్చుకునే అవకాశం ఇమ్మంటోంది. అనుమతి కాగితాల మీద ఉంది. బల్లలు వేయాల్సింది మనం.

వృత్తి తెలిసిన పెద్దలు

ఎనిమిదో తరగతికి ఏలూరు తివాచీ మీద ఒక పాఠం తయారు చేశాను. పర్షియా నుంచి వచ్చిన కుటుంబాలు ఏలూరులో ఈ పని నిలబెట్టాయని మన ఇళ్లలో చెప్పుకుంటాం. పిల్లలు మాత్రం దాన్ని లెక్కల పుస్తకంతో ఎప్పుడూ కలిపి చూడలేదు. తివాచీ నమూనాను గళ్ల కాగితం మీద వేస్తే ఒక్కో గడి ఒక్కో ముడి. అంగుళానికి అడ్డంగా 10, నిలువుగా 10 ముడులు అనుకుంటే చదరపు అంగుళానికి 100. మూడడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవున్న తివాచీ అంటే 36 అంగుళాలు, 60 అంగుళాలు, మొత్తం 2,160 చదరపు అంగుళాలు. అంటే 2,16,000 ముడులు. ఈ అంకె రాగానే క్లాసంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. రోజుకు ఎన్ని ముడులు వేస్తే ఎన్నాళ్లు పడుతుంది, కూలి ఎంత గిట్టుతుంది అని ప్రశ్నలు వాళ్లంతట వాళ్లే మొదలుపెట్టారు.

ఆ రోజు ఒక బల్ల దగ్గర నేసిన అనుభవం ఉన్న ఒక పెద్దాయనను కూర్చోబెట్టాను. ఆయన బడికి వెళ్లింది తక్కువ. పూల నమూనాలో సగం చూపించి, మిగతా సగం మీరే గీయండి బాబూ అన్నారు. సౌష్ఠవం అనే పాఠం అంతకన్నా బాగా నేను చెప్పలేను. ఆయన మనవడు అదే తరగతిలో ఉన్నాడు. ఆ వారమంతా వాడు తలెత్తుకుని తిరిగాడు.

మీకు వచ్చే సందేహాలు

సిలబస్ పూర్తవుతుందా అని అడుగుతారు. రోజూ ఇలా చేస్తే పూర్తికాదు. నేను మూడు వారాలకు ఒకసారి చేస్తాను. ఎక్కాలు, బీజగణిత సూత్రాలు, వ్యాకరణం బోర్డు మీద చెప్పి, అభ్యాసం చేయించాల్సిందే. వాటిని బలవంతంగా బల్లల్లోకి లాగితే పిల్లలకు కాలక్షేపం అవుతుంది, చదువు కాదు. ఒక పాఠంలో రెండు సబ్జెక్టులే సహజంగా కలిస్తే రెండే కలపాలి.

మార్కులు పెరుగుతాయా? ఒక్క ఏడాదిలో అద్భుతాలు జరిగాయని చెప్పను. నేను చూసింది చూసినట్టు చెబుతాను. బల్లల రోజున హాజరు బాగుంటుంది. చేతులెత్తని పిల్లలు చేతులెత్తుతారు. ఎవరు ఎక్కడ ఆగిపోయారో నాకు సమయానికి తెలుస్తుంది. బడి మానే పిల్లవాడు ముందు మాట మానేస్తాడు కాబట్టి, నాకు ఇది చిన్న విషయం కాదు.

మన సొసైటీ చేయగలిగింది

జూన్‌లో నోటుపుస్తకాలు, పదో తరగతికి బహుమతులు, ఇంటర్ ఫీజులు మనం ఇస్తున్నాం. అవి ఆపమని అనడం లేదు. జకాత్ ఎవరికి చెందాలో నియమం ఉంది, ఆ పద్దు జోలికి నేను రావడం లేదు. మామూలు చందాల్లోంచి మూడు చిన్న పనులు అడుగుతున్నాను.

ఒకటి, బడికి ఒక సామాను పెట్టె. కొలజాడీలు, త్రాసు, స్కేళ్లు, కత్తెరలు, అయస్కాంతాలు, బేసిన్లు, గ్రాఫు కాగితాలు, ప్లాస్టిక్ తొడిగిన కార్డులు, వీటన్నిటికీ తాళం వేసుకునే ఒక ఇనప బీరువా. నా మొదటి పెట్టెకు నేను పెట్టుకున్న ఖర్చు రెండు వేల పైచిలుకు. సగం సామాను ఇళ్లలో పారేసే సీసాలే.

రెండు, ఏడాదికి ఒకసారి ఏడో తరగతి పిల్లలను ఆటపాక తీసుకెళ్లి రావడానికి బస్సు కిరాయి. బల్ల మీద చూసిన సరస్సును పిల్లలు కళ్లతో చూడాలి.

మూడోది డబ్బుతో పనిలేనిది. మీలో టైలర్లున్నారు, మేస్త్రీలున్నారు, మెకానిక్కులు, చేపల వ్యాపారులు, మందుల షాపువాళ్లు ఉన్నారు. ఏడాదికి ఒక్కసారి 80 నిమిషాలు వచ్చి ఒక బల్ల దగ్గర కూర్చోండి. చొక్కాకు గుడ్డ ఎంత పడుతుందో, మెట్లకు వాలు ఎలా చూస్తారో పిల్లలకు చూపించండి. కార్డు నేను రాస్తాను. అమ్మాయిలున్న తరగతి కాబట్టి చదువుకున్న మన ఆడపిల్లలు, కుట్టుపని తెలిసిన తల్లులు వస్తే మరీ మంచిది.

చేపల చెరువు దగ్గర కనిపించిన ఆ అబ్బాయి ఇప్పుడు మేస్త్రీగా నలుగురి చేత పని చేయిస్తున్నాడు. కిందటేడు వాడిని ఒక బల్ల దగ్గరికి పిలిచాను. మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత వచ్చి ఏడో తరగతి పిల్లలకు మేత లెక్క చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, "నేనున్నప్పుడు ఇలా పెట్టలేదేంటండి సార్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న పిల్లలు రేపు ఆ మాట అడగకుండా చూడటం మనందరి చేతుల్లో ఉంది. ఈసారి సర్వసభ్య సమావేశంలో ఈ మూడు పనులనూ చర్చకు పెట్టమని కమిటీ పెద్దలను కోరుతున్నాను. బల్లలు వేసే రోజు ముందుగా కబురు పంపుతాను, ఎవరైనా వచ్చి చూడవచ్చు.